‘తమాషా’ చూడాలా, ‘క్వీన్’ చూడాలా? ముందు మీరు ఎక్కడ ఇరుక్కున్నారో చెప్పండి

మా పిన్ని కూతురు బెంగళూరులో ఉంటుంది. ఉద్యోగంలో చేరి నాలుగేళ్లయింది, ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు, ఆ ఆదివారం పొద్దునే ఎవరితోనో వీడియో కాల్‌లో పెళ్లిచూపులు కూడా అయ్యాయట. రాత్రి ఫోన్ చేసి, "అక్కా, ఏదైనా మంచి హిందీ సినిమా చెప్పు, లవ్ స్టోరీ ఉండాలి, కానీ ఉత్త లవ్ స్టోరీ వద్దు, తనెవరో తనకి తెలిసొస్తుంది చూడు, ఆ టైపు" అంది. నా నోట్లోంచి ఠక్కున వచ్చిన పేరు ‘తమాషా’. కొన్నేళ్లుగా ఎవరడిగినా అదే చెప్తున్నా కాబట్టి ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. గంట తర్వాత మెసేజ్ వచ్చింది: "కోర్సికా బాగుంది. తర్వాత ఆఫీసు మొదలైంది. ఇది నా సోమవారమే కదక్కా, ఆదివారం రాత్రి కూర్చుని మళ్లీ దీన్నెందుకు చూడాలి?" ఆపేసి పడుకుందట.

నాకు కాస్త చివుక్కుమంది కానీ ఆమె అన్నది నిజమే. జ్వరానికీ కాళ్ల నొప్పులకీ ఒకటే మాత్ర ఇచ్చే ఆర్‌ఎంపీలా తయారయ్యాను నేను. ‘తనను తాను తెలుసుకునే ప్రేమకథ’ అని మనం ఒకే అరలో పడేసే హిందీ సినిమాలు నిజానికి ఒక్క మాట చెప్పవు, ఒక్కోసారి ఒకదానికొకటి పూర్తిగా ఎదురు మాట్లాడతాయి. అందుకే కూర్చుని రాస్తున్నా. ఏది గొప్పది అన్న గొడవ పెట్టుకోను, ఎవరికి ఏది ఎప్పుడు పనికొస్తుందో చెప్తా. చివర్లు చెప్పకుండా జాగ్రత్తపడతాను, మధ్యలో కొన్ని సీన్లు మాత్రం చెప్పక తప్పదు.

నా లెక్కలో ఐదున్నాయి: ‘జబ్ వి మెట్’ (2007), ‘వేక్ అప్ సిడ్’ (2009), ‘యే జవానీ హై దీవానీ’ (2013), ‘క్వీన్’ (2014), ‘తమాషా’ (2015). ‘జిందగీ నా మిలేగీ దోబారా’ ఎందుకు లేదంటారేమో, అది ముగ్గురు స్నేహితుల సినిమా, స్పెయిన్‌ని చూడ్డానికైనా చూడొచ్చు, ప్రేమ అందులో మూడో వంతు. ‘డియర్ జిందగీ’లో ప్రేమకథ కంటే కౌన్సెలింగ్ గదిలో జరిగేదే అసలు కథ, దాని లెక్క వేరు. అందులో ‘ఏ జిందగీ గలే లగా లే’ వినిపించినప్పుడు మాత్రం మనవాళ్లు ఒక్కసారి చెవులు రిక్కిస్తారు, అసలు ట్యూన్ ఇళయరాజాది, ‘సద్మా’ కోసం చేసింది, అదే కథని మనం ‘వసంత కోకిల’గా చూశాం. ‘ఇంగ్లీష్ వింగ్లీష్’ శ్రీదేవిది. దాన్ని అమ్మతో కలిసి చూడాలి, అంతే, దానికి పోలికలేంటి.

ఇక ఎంచుకోవడానికి నా దగ్గరున్న కొలబద్ద ఒకటే. ‘నేను’ అనేది ఎక్కడుందని సినిమా అనుకుంటోంది? కొన్ని సినిమాలు అది లోపలెక్కడో పూడిపోయింది, తవ్వి తీయాలి అంటాయి. కొన్ని, అది నిన్నటిదాకా చేతిలోనే ఉంది, ఎవరో లాక్కుపోయారు, మళ్లీ తెచ్చుకోవాలి అంటాయి. ఇంకొన్ని, లోపల రెడీగా ఏమీ లేదు బాబూ, రోజూ కాస్త కాస్త కట్టుకోవాల్సిందే అంటాయి. మీకిప్పుడు ఏ మాట వినాలనుందో, లేదా ఏ మాట వింటే ఒళ్లు మండుతుందో తెలిస్తే సినిమా ఎంచుకోవడం నిమిషం పని.

‘తమాషా’ మొదటి రకం. పూడిపోయిందాన్ని తవ్వే సినిమా.

ఇంతియాజ్ అలీ తీశాడు, రణ్‌బీర్ కపూర్, దీపికా పడుకోణ్, సంగీతం ఏ.ఆర్. రెహమాన్, పాటలు ఇర్షాద్ కామిల్. సిమ్లాలో ఒక పిల్లాడు, పేరు వేద్. లెక్కలు రావు, కథలంటే పిచ్చి. ఊళ్లో ఒక ముసలాయన దగ్గరికి డబ్బులు పట్టుకెళ్లి మరీ కథలు చెప్పించుకుంటాడు. ఆ ముసలాయన (పీయూష్ మిశ్రా) మన హరిదాసుగారు పిట్టకథలోంచి ఇంకో పిట్టకథలోకి దూకినట్టు రామాయణంలోంచి ఎక్కడెక్కడికో వెళ్లిపోతాడు, సీత కథా గ్రీకుల హెలెన్ కథా కలిసిపోతాయి, ఎవరి కథ ఎవరిదో పిల్లాడికి అర్థం కాదు, అర్థం కాకపోవడమే వాడికి నచ్చుతుంది. ఆ పిల్లాడు పెద్దయి ఇంజనీరింగ్ చదివి ఢిల్లీలో టై కట్టుకుని ఉద్యోగం చేస్తుంటాడు. ఎంసెట్ అన్న మాట వింటే ఇప్పటికీ కడుపులో తిప్పినట్టుండే మనవాళ్లకి ఈ ముక్క ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు.

మధ్యలో కోర్సికా. అక్కడ బ్యాగు పోగొట్టుకుని ఇరుక్కున్న తారకి వేద్ ఎదురవుతాడు, ఇద్దరూ ఒప్పందం చేసుకుంటారు: అసలు పేర్లు చెప్పుకోకూడదు, నిజాలు చెప్పకూడదు, మళ్లీ కలుసుకోకూడదు. అతను డాన్‌నంటాడు, ఆమె మోనా డార్లింగ్‌నంటుంది. అబద్ధాలు చెప్పుకోవచ్చన్న ఆ వారం రోజులే ఇద్దరూ జీవితంలో అతి తక్కువ నటించిన రోజులు. ఆ తమాషా పట్టుకుంటే సినిమా పట్టుబడ్డట్టే. ఏళ్ల తర్వాత ఢిల్లీలో తార అతన్ని వెతికి పట్టుకుంటుంది, కానీ ఈ మనిషి వేరు. మర్యాదస్తుడు, టైముకి వస్తాడు, టైముకి వెళ్తాడు, పళ్లు కూడా టైమ్‌టేబుల్ ప్రకారం తోముకుంటాడు. ఉంగరం తీసి పెళ్లి చేసుకుందామంటే ఆమె వద్దంటుంది. నువ్వు అతను కాదు అంటుంది.

ఇక్కడే జనం రెండుగా చీలిపోతారు. 2015లో థియేటర్‌లో నాతో వచ్చిన నలుగురిలో ఇద్దరు "మంచి కుర్రాడు, మంచి జీతం, ఈమెకేం రోగం" అన్నారు. అప్పటికి నాకు ఉద్యోగం కొత్త, ఐడీ కార్డు మెడలో వేసుకుని బస్సెక్కడం ఇంకా గొప్పగానే ఉన్న రోజులు, నాకూ పెద్దగా ఎక్కలేదు. నాలుగేళ్ల తర్వాత ఒక రాత్రి ఆఫీసు పని మధ్యలో ల్యాప్‌టాప్‌లో మళ్లీ పెట్టుకున్నా. వేద్ రోజూ పొద్దున ఒకే సిగ్నల్ దగ్గర ఆగే సీన్లు చూసి నవ్వొచ్చింది, ఆ తర్వాత నవ్వు రాలేదు. సినిమా అదే, మధ్యలో నేనే నాలుగేళ్లు ఆ సిగ్నల్ దగ్గర ఆగాను.

ఒక్క సీను కోసమైనా చూడాలంటే అది రెస్టారెంట్ సీను. ఆమె క్షమాపణ చెప్పుకోడానికి వస్తుంది. టేబుల్‌కి అటు ఇటు కూర్చుంటారు. అతను మామూలుగా ఉన్నట్టే ఉంటాడు, నవ్వుతాడు, ఆ నవ్వు ఎక్కడ ఆపాలో తెలియక మొహం మీద అలాగే ఉండిపోతుంది, ఏవో వెక్కిరింపు మొహాలు పెడతాడు, ఆమె అతని చేతులు పట్టుకుని వదలదు. ‘అగర్ తుమ్ సాథ్ హో’ అప్పుడు వస్తుంది. ఆమె గొంతు అల్కా యాగ్నిక్, అతని గొంతు అరిజిత్ సింగ్. గమనించండి, ఇద్దరూ ఒకే పాట పాడుతున్నా ఒకే వరస పాడరు, ఆమె బతిమాలుకునే ట్యూన్ ఒకటి, అతను దులిపేసుకునే ట్యూన్ ఇంకొకటి. ఈ పాటని ఫోన్‌లో వందసార్లు విన్నవాళ్లు కూడా సీనుతో కలిపి ఒకసారి చూడాలి. విడిగా వింటే విరహగీతం, సీనులో చూస్తే ఒక మనిషి బిగించుకున్న మరలు ఒక్కొక్కటే ఊడిపోతున్న చప్పుడు.

ఇంకొకటి, ఆటో డ్రైవర్ సీను. చిన్నది. సింగర్ అవుదామనుకుని ఆటో తోలుకుంటున్న మనిషి కాసేపు పాడి, మళ్లీ బండి తోలుకుంటాడు. మన దగ్గర ఇలాంటివాళ్లని ఎంతమందిని చూడలేదు మనం. సినిమా మొత్తంలో నాకు నిజంగా గొంతు పట్టేసింది అక్కడే.

ఇంత చెప్పాక తిట్టకపోతే న్యాయం కాదు. మొదటిది, తారకి కథ లేదు. కలకత్తాలో వాళ్లది టీ వ్యాపారం, దాన్ని నడిపే సత్తా ఉన్న మనిషి, ఆ సంగతి సినిమా అలా చూపించి వదిలేస్తుంది. మిగతా రెండు గంటలూ ఆమె పని ఎదుటివాడి లోపల దీపం వెలిగించడం, ఏడవడం, ఎదురుచూడటం. దీపిక బాగా చేసింది కాబట్టి చాలామందికి ఇది కనబడదు. రెండోది, లోపలున్నవాడు బయటికి రావడమంటే కళాకారుడైపోవడమే అన్నట్టు చూపిస్తారు. లోపల కథలూ పాటలూ లేనివాళ్ల సంగతేంటి? నాలో ఏ ఆర్టిస్టూ దాక్కుని లేడు, ఎన్నిసార్లు తవ్వినా నీళ్లు పడలేదు. అలసట మాత్రం నిజం. అలాంటివాళ్లకి ‘తమాషా’ ఓదార్పు ఇవ్వకపోగా కొత్త టెన్షన్ తెచ్చిపెడుతుంది.

మూడోది మా నాన్న అడిగిన ప్రశ్న. ఒకసారి తెలివితక్కువగా ఇంటికెళ్లినప్పుడు నాన్నతో కలిసి చూశా, నాలో జరుగుతున్నదేదో ఆయనకి అర్థమవుతుందని చిన్న ఆశ. సినిమా అయిపోయింది. నాన్న కళ్లజోడు తుడుచుకుని, "బాగుందమ్మా. ఇంతకీ ఆ అబ్బాయి ఇప్పుడు నెలకి ఎంత తెచ్చుకుంటాడు?" అన్నారు. ఉక్రోషం వచ్చింది కానీ ఆలోచిస్తే ఆ ప్రశ్నకి సినిమా దగ్గర జవాబు లేదు. కాబట్టి నాన్నలతో చూసే ఉద్దేశం ఉంటే మానుకోండి. ఉద్యోగం మానేద్దామా వద్దా అని తేల్చుకునే వారంలో కూడా చూడొద్దు, మానేయమనే చెప్తుంది అది, ఈఎంఐ సంగతి దానికి తెలియదు.

మరి ఎవరు చూడాలి? పైకి అన్నీ బాగున్నాయి, ఎవరైనా అడిగితే చెప్పుకోడానికి కష్టమంటూ ఏదీ లేదు, అయినా ఏదో కుదరట్లేదు అనుకునేవాళ్లు. 2015లోనే మన దగ్గర ‘ఎవడే సుబ్రమణ్యం’ వచ్చింది, అది నచ్చినవాళ్లకి ఇది తప్పకుండా ఎక్కుతుంది. ఒంటరిగా చూడండి, మర్నాడు సెలవైతే ఇంకా మంచిది. మధ్యలో ఒక ముప్పావుగంట సాగుతుంది, అప్పుడు ఫోన్ పట్టుకున్నారా, పోయింది.

‘క్వీన్’ దీనికి పూర్తిగా అవతలి వైపు, అందుకే ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడటం నాకిష్టం. ‘తమాషా’లో హీరోకి తనెవరో చెప్పడానికి ఒక అమ్మాయి కావలసి వచ్చింది. ‘క్వీన్’లో హీరోయిన్‌కి ఒక అబ్బాయి అడ్డు తొలగాల్సి వచ్చింది.

ఢిల్లీ రాజౌరీ గార్డెన్ అమ్మాయి రాణి. పెళ్లి ముంగిట్లో ఉండగా పెళ్లికొడుకు విజయ్ (రాజ్‌కుమార్ రావ్) వద్దు పొమ్మంటాడు. హనీమూన్ టికెట్లు ఎలాగూ ఉన్నాయి కదా అని ఒక్కతే బయల్దేరుతుంది, పారిస్, తర్వాత ఆమ్‌స్టర్‌డామ్. దర్శకుడు వికాస్ బహల్, సంగీతం అమిత్ త్రివేది, ఉత్తమ హిందీ చిత్రంగా జాతీయ అవార్డు వచ్చింది, కంగనా రనౌత్‌కి ఉత్తమ నటి అవార్డు కూడా. ఇప్పుడు ఆమె ఎంపీ, ఆమె రాజకీయాల మీద మీకు ఏ అభిప్రాయమైనా ఉండొచ్చు, ఆ రెండున్నర గంటలు పక్కన పెట్టండి, ఈ సినిమాలో ఆమె చేసింది చాలా తక్కువమంది చేయగలరు.

ఈ సినిమాలో ఎవరూ ఎవరికీ జీవిత సత్యాలు చెప్పరు, నాకు నచ్చేది అదే. రాణి మారడం చిన్నచిన్న పనుల్లో కనబడుతుంది. పారిస్‌లో రోడ్డు దాటడానికి భయపడుతుంది. ఏ వీధిలోకి తిరిగినా ఐఫిల్ టవర్ ఎదురొస్తుంది, విజయ్‌తో చూద్దామనుకున్న టవర్ అది, దాన్నుంచి పారిపోతుంది. దొంగ ఒకడు హ్యాండ్‌బ్యాగ్ లాక్కుంటుంటే వదలదు, ఈడుస్తున్నా వదలదు, ఆ సీనులో ఆమెకి ధైర్యం ఉందని చూపించడం లేదు, బ్యాగు పోతే ఇంట్లో ఏమంటారో అన్న భయమే ఆ పట్టు. మన ఇళ్లలో పెరిగిన ఏ అమ్మాయికైనా ఆ పట్టు తెలుసు. ఆమ్‌స్టర్‌డామ్ హాస్టల్‌లో ముగ్గురు మగవాళ్లతో ఒకే గది అని తెలిసి బయట వరండాలో పడుకోబోతుంది. ఆ ముగ్గురే తర్వాత ఆమెకి స్నేహితులవుతారు. అక్కడ వంటల పోటీలో ఆమె పెట్టేది గోల్‌గప్పాలు, అదే మన పానీపూరీ. కొత్త మనిషిగా మారిపోయి కొత్త విద్య ఏదో నేర్చుకోలేదు, ఇంట్లో వచ్చిన పనే చేసింది, చూసే కళ్లు మారాయి.

పారిస్‌లో ఆమెకి దొరికే స్నేహితురాలి పేరు విజయలక్ష్మి. లీసా హేడన్ ఆ పాత్ర. ఆ పేరు వినగానే తెలుగు ప్రేక్షకులు ఒకసారి ఉలిక్కిపడి స్క్రీన్ వంక చూడటం నేను మూడిళ్లలో గమనించాను. ఇంటికి వీడియో కాల్ చేసినప్పుడు విజయలక్ష్మిని చూసి రాణి వాళ్ల నాన్న, తమ్ముడు నోరు వెళ్లబెట్టే సీను ఉంది, తాతలున్న ఇంట్లో చూస్తే ఆ రెండు నిమిషాలు మంచినీళ్లకని వంటింట్లోకి వెళ్లొచ్చు. రాణి ట్రయల్ రూంలో దిగిన సెల్ఫీ విజయలక్ష్మికి పంపబోయి విజయ్‌కి పంపేస్తుంది, దాంతో మనవాడికి మళ్లీ ప్రేమ పొంగుకొస్తుంది. ఫొటో చూసి పొంగే ప్రేమ ఏపాటిదో సినిమా ఒక్క మాట కూడా అనకుండా చూపిస్తుంది.

ఇందులో ప్రేమ ఏది మరి, రొమాంటిక్ సినిమా అన్నావు కదా అంటారేమో. ఉంది, కానీ అది రాణికి చివర్లో ఇచ్చే బహుమతి కాదు. ఈ ఐదింట్లో హీరోయిన్ పక్కన హీరోని నిలబెట్టకుండా ముగించే దమ్మున్న సినిమా ఇదొక్కటే. (సరే, చివరి సంగతి కొంచెం చెప్పేశా, క్షమించండి, దీన్ని పోస్టర్ చూసినా ఊహించొచ్చు.) తెలుగులో దీన్ని తమన్నాతో ‘దటీజ్ మహాలక్ష్మి’ అని తీశారు, టీజర్ వచ్చింది, సినిమా మాత్రం థియేటర్ మొహం చూడలేదు. కాబట్టి రీమేక్ కోసం ఆగకండి, హిందీదే చూడండి.

లోపం? మొదటి అరగంటలో విజయ్ మరీ విలన్‌లా కనిపించకుండా జాగ్రత్తపడ్డారు, అది మంచిదే, కానీ ఫారిన్ వాళ్లందరూ ఇంత మంచివాళ్లుగా ఒకేసారి ఎదురుపడటం కాస్త అమ్మమ్మ కథలా ఉంటుంది. నిజంగా ఒక్కతే యూరప్ వెళ్లొచ్చిన మా కొలీగ్ ఒకావిడ ఈ సినిమా పేరెత్తితే నవ్వేస్తుంది.

సంబంధం తప్పిపోయినవాళ్లు, బ్రేకప్ అయినవాళ్లు, లేదా ఇవేవీ కాకపోయినా కొట్టుదాకా వెళ్లాలన్నా తమ్ముణ్ని తోడు పంపే ఇంట్లో పెరిగినవాళ్లు, ముందు దీన్నే చూడాలి. తల్లీకూతుళ్లు కలిసి చూడొచ్చు.

ఇప్పుడు ‘జబ్ వి మెట్’. దీని గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, హిందీ రానివాళ్లు కూడా సగం మంది చూసేశారు. ఇంతియాజ్ అలీదే, షాహిద్ కపూర్, కరీనా కపూర్. తండ్రి పోయి, వ్యాపారం మునిగి, ప్రేమించిన అమ్మాయి వేరేవాణ్ని పెళ్లి చేసుకోగా బతుకు మీద విసుగొచ్చి రైలెక్కిన ఆదిత్య, ఆ రైల్లో నోరు మూయకుండా మాట్లాడే గీత్. ఆమె రైలు తప్పిపోవడం, రత్లాం స్టేషన్, హోటల్ డీసెంట్, ఇవన్నీ నవ్వులాటలా నడిచిపోతాయి. అందరూ గుర్తుపెట్టుకునేది ఆ మొదటి సగమే. నేను చూడమనేది రెండో సగం కోసం.

ఎందుకంటే రెండో సగంలో గీత్ మాట్లాడదు. సిమ్లాలో ఒక స్కూల్లో పాఠాలు చెప్పుకుంటూ, తల వంచుకుని, తొమ్మిది నెలల క్రితం మనం చూసిన మనిషి చచ్చిపోయినట్టే ఉంటుంది. ఇది ఇందాక చెప్పిన రెండో రకం: ఉన్నదాన్ని ఎవరో లాక్కుపోయారు. మొదటి సగంలో గీత్ సలహా మీద ఆదిత్య పాత ప్రియురాలి ఫొటో కాల్చి ఫ్లష్ చేస్తాడు గుర్తుందా, రెండో సగంలో అదే మందు అతను తిరిగి ఆమెకి ఇస్తాడు, ఆమెని వదిలేసినవాడికి ఆమె చేతే ఫోన్ చేయించి తిట్టిస్తాడు. మొదట మొహమాటంగా, తర్వాత కడుపారా. ఆ తిట్లయ్యాక ఆమె మొహంలో వచ్చే వెలుగు చూడండి, కరీనాకి ఫిల్మ్‌ఫేర్ అవార్డు ఊరికే రాలేదు. అప్పు తీర్చడం అంటాం కదా, ఇద్దరూ ఒకరికొకరు అలా బాకీ తీర్చుకునే కథ ఇది. ‘తమాషా’లో ఒకవైపే బాకీ ఉంటుంది, నాకు గుచ్చుకునేది అక్కడే.

మీరు ఒకప్పుడు బాగా నవ్వే మనిషై, ఎప్పుడు ఆగిపోయారో గుర్తులేకపోతే, ఇది చూడండి. ఇంట్లో అందరితో కూర్చుని చూడాలన్నా ఐదింట్లో దీనికే నా ఓటు. బఠిండాలో గీత్ వాళ్ల ఇల్లు, ఆ జాయింట్ ఫ్యామిలీ గోల, మన గోదావరి జిల్లాల పెళ్లిళ్ల ఇళ్లకి పంజాబీ డ్రస్సు వేసినట్టుంటుంది.

మిగిలిన రెండూ ఒకే దర్శకుడివి, అయాన్ ముఖర్జీ. రెండింట్లోనూ రణ్‌బీరే. జనం ‘యే జవానీ హై దీవానీ’ని నెత్తిన పెట్టుకుంటారు, 2025 జనవరిలో మళ్లీ థియేటర్లలో వేస్తే కాలేజీ పిల్లలు పాటలకి సీట్ల మధ్య డాన్సులు చేశారు. సరదాగా ఉంటుంది, ప్రీతమ్ పాటలు, మనాలీ ట్రెక్, ఉదయ్‌పూర్ పెళ్లి, పదిమంది ఫ్రెండ్స్ ఒక గదిలో పడి చూడ్డానికి దీన్ని మించింది లేదు. కానీ ఊరూరా తిరుగుతానంటూ పోయే బన్నీని (రణ్‌బీర్ పాత్ర) చూసి అందరూ వెర్రెక్కిపోతారు, నేను మాత్రం నైనా పక్షం. మెడిసిన్ చదివే కళ్లద్దాల అమ్మాయి, ఒక్క ట్రిప్‌తో తనకి కావలసింది తను తెచ్చుకుని ఇంటికొచ్చేస్తుంది. ఉదయ్‌పూర్‌లో సౌండ్ అండ్ లైట్ షో టైమైపోతోందని బన్నీ కంగారుపడుతుంటే, ఎంత పరిగెత్తినా ఏదో ఒకటి మిస్సవుతూనే ఉంటాం, ఇక్కడ కూర్చో అంటుంది. ట్రావెల్ రీల్స్ చూసి చూసి నేనెక్కడికీ వెళ్లలేదే అని కుమిలిపోయేవాళ్లకి ఆ ఐదు నిమిషాలు చాలు. ఫారూక్ షేక్ తండ్రిగా కనిపించే సీన్లు తక్కువే, ఇంటికి దూరంగా, ముఖ్యంగా అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉన్నవాళ్లు మాత్రం ఒంటరిగా చూస్తుంటే కాస్త జాగ్రత్త.

‘వేక్ అప్ సిడ్’ని మాత్రం పక్కకి తోసేశారు జనం, నాకు బాధ. డిగ్రీ ఆఖరి పరీక్ష తప్పిన డబ్బున్నవాళ్లబ్బాయి సిడ్, నాన్నతో గొడవపడి ఇల్లొదిలి, రచయిత్రి అవుదామని కలకత్తా నుంచి ముంబై వచ్చిన ఆయిషా (కొంకణా సేన్ శర్మ) అద్దె ఇంట్లో చేరతాడు. వాడికి గుడ్డు వేయించడం కూడా రాదు. ఇల్లు చెత్తకుప్ప చేస్తాడు, ఆమె అరుస్తుంది, ఊడవడం నేర్చుకుంటాడు, గుడ్డు వేయించడం నేర్చుకుంటాడు, కెమెరా పట్టుకుని ఒక పత్రికలో పనికి కుదురుతాడు. అంతే. లోపల నిద్రపోతున్న మహాకళాకారుడెవరూ లేవడు. పొద్దున్నే లేచే అలవాటైన మనిషి మాత్రం ఒకడు తయారవుతాడు. మూడో రకం అన్నానే, అది ఇదే. కొడుకుతో మాట్లాడ్డానికి వచ్చీరాని ఇంగ్లీషు ప్రయత్నించే తల్లిగా సుప్రియా పాఠక్, మొదటి జీతం చెక్కు తెచ్చి నాన్నకి చూపించే సీను, ‘ఇక్‌తారా’ పాట, ముంబై వాన. ప్రేమ ఎప్పుడు మొదలైందో వాళ్లకీ తెలియదు, మనకీ తెలియదు, ఆమె వాడికంటే కాస్త పెద్దది కూడా, దాన్ని సినిమా పెద్ద విషయం చేయదు. ఏ ఘోరమైన మలుపూ ఉండదు కాబట్టి బుర్ర వేడెక్కిన రోజున ఇదే బెస్టు. ఇంజనీరింగ్ అయిపోయి, బ్యాక్‌లాగులు మిగిలి, అమీర్‌పేట హాస్టల్‌లో కూర్చుని ఇప్పుడేంటి అనుకుంటున్న తమ్ముళ్లకి ‘తమాషా’ చెప్పే పెద్దమనుషులారా, ముందు దీన్ని చూపించండి.

ఒక్క సంగతి ఐదింటికీ వర్తిస్తుంది, చెప్పకుండా ఉండలేను. తనని తాను వెతుక్కునే ఖర్చు ఎవరు పెట్టుకుంటున్నారో చూస్తూ ఉండండి. ఆదిత్య పారిశ్రామికవేత్త కొడుకు, సిడ్ నాన్నకి బాత్రూం ఫిట్టింగుల వ్యాపారం, వేద్ కోర్సికా వెళ్లి వారం ఉండగలడు, రాణి ఇంట్లోనూ పారిస్ టికెట్లు కొనే స్తోమత ఉంది. పర్సు చూసుకుని బాధపడమని కాదు, సినిమా మిమ్మల్ని అడుగుతున్న ధైర్యంలో ఎంత భాగం నిజంగా ధైర్యమో, ఎంత భాగం బ్యాంకు బ్యాలెన్సో విడదీసి చూస్తే వీటి మీద కోపం తగ్గుతుంది, ఇష్టం తగ్గదు. ఈ లెక్కలో ఆయిషా ఒక్కతే నిజంగా సొంత అద్దె కట్టుకునే మనిషి, విచిత్రంగా ఆమె సినిమా పేరులో మాత్రం సిడ్ ఉన్నాడు.

భాష సంగతి. వీలైతే హిందీలోనే సబ్‌టైటిల్స్‌తో చూడండి, గీత్ వాగుడు, రాణి ఢిల్లీ యాస డబ్బింగ్‌లో నిలబడవు. అన్నీ రెండుంపావు గంటల నుంచి రెండు గంటల నలభై నిమిషాల మధ్యే, భోంచేసి కూర్చుంటే పన్నెండులోపు అయిపోతాయి. ఏది ఏ ఓటీటీలో ఉందో నేను రాసినా నెల తిరిగేసరికి మారిపోతుంది, పేరు కొట్టి వెతుక్కోండి.

ఇంతకీ మా పిన్ని కూతురు. మర్నాడు సాయంత్రం ఫోన్ చేసి, సారీ చెప్పి, తమాషా తర్వాతెప్పుడైనా చూద్దువుగాని, ముందు ‘క్వీన్’ పెట్టుకో అన్నా. ఎందుకు అని అడగలేదు. రాత్రి పదకొండున్నరకి ఫోన్ మోగింది, ఏమైందో అని కంగారుగా ఎత్తితే అటునుంచి గోల్‌గప్పా సీను మ్యూజిక్ వినిపిస్తోంది, సినిమా ఇంకా అవ్వలేదు.

"అక్కా, ఒక్క డౌటు. ఆ విజయలక్ష్మి మన తెలుగమ్మాయేనా?"